ఆరు గంటల పచ్చిపులుసు

ఆ ఎండాకాలం మా ఇంట్లో భయపెట్టింది ఎండ కాదు, సాయంత్రం ఆరు గంటలు. గడియారం ఆరు దగ్గరికి వస్తే చాలు, నా చేతులు చల్లబడేవి. సలసల కాగే నూనె మూకుడు ముందు నిలబడ్డదానికి చేతులు చల్లబడడమేమిటని మీరు నవ్వొచ్చు. నాకైతే అట్లాగే అయ్యేది.

మాది శామీర్‌పేట. మా ఆయన పరమేశ్ చెరువులో చేపలు పడతాడు. నేను మా ఇల్లు కనబడేంత దూరంలో, కరీంనగర్ రోడ్డు పక్కన బండి పెట్టి వాటిని వేయించి అమ్ముతాను. హోలీకి నాలుగు రోజుల ముందు ఒక పొద్దున ఆయన నెత్తురు కక్కుకున్నాడు. మేడ్చల్‌లో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఆయనను బయట కూర్చోబెట్టి, నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. "ఇంకొకసారి గ్లాసు పడితే నా దగ్గరికి తీసుకురావద్దమ్మా, తెచ్చినా నేను చేసేదేం ఉండదు" అన్నాడు.

బయటికొచ్చాక మా ఆయన అడిగాడు.

"ఏమన్నడు?"

"మానెయ్యమన్నడు."

"సరె, మానేస్త."

చెప్పులు మార్చుకుంటానన్నంత తేలిగ్గా అన్నాడు. ఆ మాట నేను అంతకుముందు ఎన్నోసార్లు విన్నాను. ఒకసారి ఎల్లమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టి మరీ అన్నాడు, గుడి మెట్లు దిగేలోపే మర్చిపోయాడు. అందుకని ఈసారి నేను సంతోషపడలేదు, భయపడ్డాను.

మొదటి వారం చేతులు వణికి వల ముడి కూడా వేయలేకపోయాడు. డాక్టరిచ్చిన గోలీలతో అది తగ్గింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. తాగుడు మానడమంటే గ్లాసు పక్కన పెట్టడమే అనుకున్నాను నేను. మా వైపు మగవాళ్ళు ఆరు గంటలకు కూర్చునే చోట్లన్నీ తాగే చోట్లేనని అప్పుడే తెలిసింది. కల్లు కాంపౌండ్, వైన్ షాపు పక్క గది, అదీ కాదంటే చెరువు కట్ట మీద సీసా. సంబంధం మాట్లాడాలన్నా, పంచాయితీ తెంపాలన్నా, ఊరికే ముచ్చట పెట్టాలన్నా అక్కడే. తాగనివాడు ఆ వేళకు ఎటు పోవాలో ఎవరూ ఆలోచించి పెట్టలేదు. మా ఆయన స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కొని, గడపలో నిలబడేవాడు. కుడికి పోతే కాంపౌండ్, ఎడమకు పోతే వైన్ షాపు. ఎటు తిరుగుతాడోనని నేను బండి దగ్గర నుంచి చూస్తూ ఉండేదాన్ని.

ఆ గడపలో నుంచి ఆయన్ని దాటించినవాడు జైపాల్. చిన్నప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే వల, ఇటు కొస ఈయన పడితే అటు కొస అతను. తాగుడులోనూ అంతే. నేను అతన్ని తిట్టని రోజు లేదు. అట్లాంటివాడు ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి, "వదినె, వీడు తాగకపోతె నేను ఎవ్వనితోని కూసోవాలె? ఇగ తొవ్వ నేనే సూస్త" అన్నాడు. చూశాడు కూడా. తను పూర్తిగా మానలేదు, ఆ అబద్ధం నేను చెప్పను. కానీ మా ఆయన పక్కన ఉన్నంతసేపు చుక్క ముట్టలేదు.

ముందు బస్‌స్టాప్ దగ్గర చాయ్ హోటల్‌కు తీసుకుపోయాడు. గంటన్నరలో చెరి నాలుగు చాయ్‌లు తాగారు. హోటల్ సేటు వచ్చి వాళ్ళ టేబుల్‌ను ఐదుసార్లు తుడిచాడు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. తర్వాత లా కాలేజీ వైపు పిల్లలు కూర్చునే జ్యూస్ షాపు. బోర్డు మీద ఉన్న వాటిలో అన్నిటికంటే గొప్పగా వినబడిన పేరు చూసి మొజిటో చెప్పాడట. ఆ కథ నాకు బండి దగ్గర నిలబడి అభినయించి మరీ చెప్పాడు.

"పుదీన చట్నీల సోడా గుమ్మరించినట్టుంది వదినె. ఆ పోరగాండ్లు దాన్ని ఫోటో తీసుకుంటాండ్రు. మేం తీసుకోకపోతె బాగుండదని నేను గూడ తీసిన."

"ఈయన ఏమన్నడు?"

"గ్లాసు దిక్కు సూసి, దీనికంటె డాక్టరిచ్చిన కషాయం నయమన్నడు."

భజనకు కూడా పోయారు. రెండో రోజే అక్కడి పెద్దాయన మా ఆయన చేతిలోని తాళాలు మెల్లగా తీసుకొని, "నువ్వు వింటే చాలు నాయినా" అన్నాడట.

తాగేదాని సంగతీ అంతే. నిమ్మకాయ సోడా ఇస్తే పిల్లల తాగుడన్నాడు. సల్ల ఇస్తే నిద్రొస్తాందన్నాడు. చెరుకు రసం తియ్యగా ఉందని పారబోశాడు. "గొంతుల దిగుతుంటె ఎరుక కావాలె భవానీ. కొరకాలె. ఊకె జారిపోతె అది తాగినట్టె కాదు" అనేవాడు. ఆయన అడిగేది నాకు అర్థమయ్యేది, అందుకే భయం వేసేది. కొరికేది దొరక్కపోతే పాతదాని దగ్గరికే పోతాడు కదా.

ఒకరోజు మధ్యాహ్నం అన్నంలోకి పచ్చిపులుసు చేశాను. ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, చింతపండు రసంలో నలిపి, ఉల్లిగడ్డ, జీలకర్ర, చిటికెడు బెల్లం వేసి కుండలో పెట్టాను. సాయంత్రానికి చల్లబడి, కారం పట్టి ఊరింది. గడపలో నిలబడ్డ మనిషి ఏమనుకున్నాడో, తిరిగొచ్చి గ్లాసులో ఒంపుకున్నాడు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గిది గుంజుతాంది" అన్నాడు.

ఆ రోజు నుంచి మా బండి వెనక రెండు స్టూళ్ళు వెలిశాయి. ఆరు కాగానే ఇద్దరూ వచ్చి కూర్చొని, పచ్చిపులుసు గుక్క గుక్కగా తాగుతూ, వేయించిన చేప తోక కొరుకుతూ, నీళ్ళు ఎంత తగ్గాయో, ఏ మూల బురద తేలిందో మాట్లాడుకునేవాళ్ళు. బండి దగ్గరికి సీసాలతో వచ్చేవాళ్ళకు గ్లాసులివ్వడం నేను మానేశాను. కొందరు అలిగి పక్క బండికి పోయారు. పోతే పోనీ అనుకున్నాను.

ఇంతటితో ఊరుకుంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. నేను ఊరుకోలేదు. ఆయన ఇంట్లోకి రాగానే దగ్గరికి పోయి వాసన చూసేదాన్ని. అంగీ ఉతికే ముందు జేబులు తిరగేసి సీసా మూతల కోసం వెతికేదాన్ని. ఏమీ దొరికేది కాదు. దొరకని కొద్దీ ఇంకా భయమయ్యేది. ఉగాది పోయిన రెండో రోజు, నా పక్కన ఉల్లిగడ్డలు అమ్మే సిద్దమ్మ చెవిలో ఒక మాట ఊదింది. గుండ్లపోచంపల్లి అవతల ఒకాయన తాగుడు మాన్పించే పొడి ఇస్తాడట. సిద్దమ్మ తమ్ముడు దాంతోనే బాగుపడ్డాడట. మర్నాడే పోయాను.

రేకుల గదిలో కూర్చున్న ముసలాయన పేపరు పొట్లాలు చేతిలో పెట్టాడు. "చెట్ల మందు. కూట్ల చిటికెడు కలుపు. మనిషికి మాత్రం చెప్పకు, చెప్తె పని చెయ్యది" అన్నాడు.

రోజూ ఆరింటికి పచ్చిపులుసులో చిటికెడు కలిపాను. ఆ పులుపూ కారంలో ఏం కలిపినా తెలియదు. ఆయన గ్లాసు ఖాళీ చేసి, "నీ చేతి పులుసు లేకుంటె నేను ఎన్నడో జారుతుంటి" అనేవాడు. నేను మొహం మూకుడు వైపు తిప్పుకునేదాన్ని. మంచికే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అట్లా నలభై రోజులు.

మే నెలలో ఒక ఆదివారం మా అక్క బిడ్డ ధరణి వచ్చింది. పేట్ బషీరాబాద్‌లో మందుల షాపులో పని చేస్తుంది. జీలకర్ర కోసం డబ్బాలు వెతుకుతూ పొట్లం విప్పింది. పొడిని వేలితో కదిపి, అందులో నుంచి ఒక పలుకు తీసి వెలుతురులో పెట్టి చూసింది. సరిగ్గా నలగని గోలీ ముక్క అది. నడుమ గీత ఇంకా కనబడుతోంది.

"చిన్నమ్మా, ఇది ఎవ్వలకు పెడ్తున్నవ్?"

చెప్పాను. దాని మొహం పాలిపోయింది.

"ఇది చెట్ల మందు కాదు. తాగుడు మాన్పే ఇంగ్లీష్ గోలీలు నూరిండు, మా షాపుల గూడ ఉంటయి. ఇది తాగాలన్న కోరికను తియ్యది చిన్నమ్మా. ఇది ఒంట్ల ఉన్నప్పుడు మందు తాగితె కక్కిపిస్తది, ఊపిరాడనియ్యది. మంచిగున్నోళ్ళె ఆగమైతరు. చిన్నాయినకున్న రోగానికి పానమే పోతది. డాక్టరు సూసి, మనిషికి చెప్పి ఇయ్యాలె దీన్ని. దొంగతనంగ పెట్టేది కాదు."

"ఇయ్యాల్నే బంద్ పెడ్త."

"బంద్ పెట్టినా రెండు వారాలు ఒంట్ల ఉంటది. చిన్నాయినకు చెప్పు."

పొట్లాలన్నీ పొయ్యిలో వేశాను. చెప్పడం మాత్రం చేతకాలేదు. మా వైపు మొగుడి కూట్లో ఆడది ఏదో కలిపిందన్న మాట ఒకసారి బయటపడితే, ఆమె కాటికి పోయేదాకా పోదు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. తన బలంతోనే మానేశానని ఆయన నడకే మారింది. ఆ నడకను నా నోటితో ఎట్లా విరగ్గొట్టను? క్యాలెండర్ మీద పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకున్నాను. ఈ పద్నాలుగు గట్టెక్కితే ఎవరికీ తెలియదనుకున్నాను. అంతకుముందు ఆయన తాగితే ఏడాదికో రెండేళ్ళకో పోతాడన్న భయం. ఇప్పుడు ఒక్క గుక్కకే పోతాడు, అదీ నా చేతి పొడితో. ఆ రోజుల్లో నేను అన్నం తిన్నానో లేదో నాకే గుర్తులేదు.

ఐదో రోజు జైపాల్ పోయాడు. నడిమధ్యాహ్నం కట్ట మీద వల బాగుచేస్తూ వడదెబ్బకు పడిపోయాడు. ఆటోలో ఎక్కించేసరికే ఊపిరి లేదు. మా ఆయన ఏడవలేదు. వల రెండు కొసలూ తనే చుట్టుకొని ఇంటికి తెచ్చి, మూలకు పెట్టాడు. ఆరు గంటలకు బండి వెనకకు వచ్చి, రెండు స్టూళ్ళు ఉన్నాయని చూసి వెనక్కి పోయాడు. పొడి కలపని పచ్చిపులుసు ఆ పూట అట్లాగే మిగిలిపోయింది.

మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టాలి. మట్టి చేసిన చోట చనిపోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి కోసం చూస్తారు. జైపాల్‌కు ఇష్టమైనవేమిటో ఊరంతటికీ తెలుసు. ఆ సీసా మూత తీస్తే పక్కనున్నవాళ్ళ చేతికి కూడా ఒక గుక్క వస్తుంది. చచ్చినవాడి పేరు మీద ఇచ్చింది వద్దనడం ఎవరి వల్లా కాదు.

"నువ్వు రాకుంటేంది? ఎండ మస్తుంది" అన్నాను బయలుదేరే ముందు.

"వాని పిట్టకు నేను లేకుంటె ఎట్ల?" అన్నాడు. అప్పుడన్నా చెప్పాల్సింది. అంగీ గుండీలు పెట్టుకుంటున్న ఆ చేతుల వైపు చూసి నోరు మూసుకున్నాను.

విస్తరిలో మాంసం, ఉడికించిన గుడ్డు, బీడీ కట్ట, ముంతలో కల్లు, పక్కన క్వార్టర్ సీసా. కాకి తుమ్మచెట్టు మీదికి వచ్చి వాలింది. కిందికి దిగలేదు. జైపాల్ పెళ్ళాం ఏడుస్తూ, పిల్లలను మంచిగా చూసుకుంటానని చెప్పింది. దిగలేదు. అన్న కొడుకు ఇల్లు పూర్తి చేయిస్తానని మాటిచ్చాడు. దిగలేదు. ఎండ ఎక్కుతోంది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చేపల సంఘంలో ఉండే రవీందర్ గొంతు సవరించుకున్నాడు.

"జత లేంది వాడు ఎన్నడన్న ముట్టిండా? పరమేశ్ ఎంగిలి పడితె గాని వాడు రాడు."

అందరి చూపులూ మా ఆయన మీద పడ్డాయి. జైపాల్ తల్లి శంకరమ్మ లేచింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మూడు రోజులుగా ఏమీ తినలేదు. సీసా మూత తీసి, ప్లాస్టిక్ గ్లాసులో సగానికి పోసి ఆయన ముందు పట్టుకుంది.

"నా కొడుకు నీ కోసమే సూస్తాండు బిడ్డా. ఒక్క గుక్క."

మా ఆయన గ్లాసు అందుకున్నాడు. దాని వైపు చూశాడు. చెయ్యి కొంచెం పైకి లేచింది.

"తాగకు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నీ కూట్ల పొడి కలిపిన. నలభై రోజులు కలిపిన. ఇప్పుడు తాగితె సచ్చిపోతవ్."

శంకరమ్మ చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. మా ఆయన నా వైపు తిరిగి చూశాడు. కోపంగా చూస్తే తట్టుకునేదాన్ని. ముఖం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత వంగి, గ్లాసులోది మెల్లగా, చివరి చుక్క దాకా, జైపాల్ మట్టి మీద పోశాడు.

"వానికి పోద్దామనె పట్టుకున్న" అన్నాడు.

ఆ గొడవలో కాకి ఎప్పుడు దిగి గుడ్డు ముట్టిందో ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక పొడి ఎప్పుడు మొదలుపెట్టానో, ఎప్పుడు ఆపానో అంతా చెప్పాను. ఆయన విన్నాడు. పొయ్యి మీద వేరే గిన్నె పెట్టి తన అన్నం తనే వండుకున్నాడు. మంచినీళ్ళు కూడా తనే ముంచుకున్నాడు. నేను వండింది నేను ఒక్కదాన్నే తిన్నాను. ఊళ్ళో మాట రెండు రోజుల్లో పాకింది. పాత గిరాకీ ఒకతను చేప ముక్క చేతిలో పట్టుకొని, "వదినా, గిండ్ల గూడ ఏమన్న కలిపినవా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుపొస్తుంది.

బండి వెనకకు ఆయన రావడం మానేశాడు. ఆరు కాగానే అంగీ తొడుక్కొని ఎటో పోయేవాడు. మళ్ళీ అదే భయం. నా మీద కసితో తాగేస్తే? వారం రోజులు బిగబట్టుకొని, ఎనిమిదో రోజు బండి సిద్దమ్మకు అప్పజెప్పి వెనకాలే పోయాను. కుడికి తిరిగాడు, కాంపౌండ్ వైపు. నేను అడుగు పెంచాను. కాంపౌండ్ గేటు ముందు నుంచే నడిచాడు, లోపలివాళ్ళు పేరు పెట్టి పిలిచినా ఆగలేదు. దాటిపోయి, శంకరమ్మ ఇంటి ముందు ఆగాడు.

గోడ పక్కన నిలబడి చూశాను. ముసలామె చెంబుతో జొన్న అంబలి తెచ్చింది. ఇద్దరూ నులక మంచం మీద చెరో కొసకు కూర్చున్నారు. ఈయన జేబులో నుంచి పొట్లం తీసి, కాల్చిన మిరపకాయ అంబలిలో నలుపుకున్నాడు. ఆమె ఏదో చెప్తోంది, జైపాల్ చిన్నప్పటి సంగతి కాబోలు, ఈయన నవ్వుతున్నాడు. నేను వచ్చినంత మెల్లగా వెనక్కి పోయాను. ఇంటి దాకా ఏడుస్తూనే నడిచాను.

మృగశిర నాడు మా రోడ్డు మీద ఇసుకేస్తే రాలదు. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. పొద్దున ఆరింటి నుంచి ఒక్కదాన్నే వేయిస్తున్నాను. పది గంటలకు ఆయన వచ్చి కత్తిపీట ముందు కూర్చొని చేపలు కోయడం మొదలుపెట్టాడు. మూడు దాకా ఇద్దరికీ తల ఎత్తే తీరిక లేదు. జనం పలచబడ్డాక ఇంటి నుంచి తెచ్చిన అన్నం కంచంలో పెట్టి, చేపల పులుసు పోశాను. నాకని పోసుకున్నది, అలవాటు కొద్దీ ఆయన ముందు పెట్టేశాను. పెట్టాక చెయ్యి వెనక్కి తీసుకోవాలో వద్దో తెలియలేదు.

ఆయన కంచం వైపు చూశాడు.

"ఇయ్యాల్టికి తొంభై రోజులు" అన్నాడు. "ముందటి ఇరవై నావి. నువ్వు బంద్ పెట్టిన సంది ఈ ముప్పై నావి. నడిమిట్ల నలభై నీ పొడివి. రవీందర్ మొన్న అదే అన్నడు, నీ పెండ్లాం మాన్పిచ్చింది, నువ్వు మానలేదని."

ఆయన గొంతులో కోపం లేదు. దొంగలు పడి ఎత్తుకుపోయిన సామాను గురించి చెప్తున్నట్టు చెప్పాడు.

"ధరణి ఏమన్నదో ఎరుకనా?" అన్నాను. "ఆ పొడి తాగాలన్న కోరికను తియ్యదంట. తాగినోన్ని కక్కిపిస్తదంట. దాని పని గంతే."

"అయితె?"

"ఆ నలభై రోజుల్ల నువ్వు ఒక్కనాడన్న కక్కుకున్నవా?"

ఆలోచించాడు. నిజంగా ఒక్కో రోజూ వెనక్కి తిప్పి చూసుకుంటున్నట్టు ఆలోచించాడు.

"లేదు."

"మరి గా నలభై ఎవ్వలియి?"

చేతికంటిన పొలుసులు కడుక్కోవడానికి లేచాడు. బకెట్ దగ్గర వంగి, అవసరం లేకపోయినా మొహం కూడా కడుక్కున్నాడు, రెండుసార్లు. వచ్చి కంచం దగ్గరికి లాక్కున్నాడు. ముద్ద కలిపి, నోటి దగ్గర పెట్టుకొని, ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తిన్నాడు.

ఆయన ఇప్పటికీ తాగడు. నా చేతి అన్నమే తింటాడు. మొదటి ముద్ద దగ్గర ఆ క్షణం మాత్రం ఇప్పటికీ ఆగుతాడు, ఆగుతున్నానని ఆయనకు తెలుసో లేదో. ఆ ముద్ద లోపలికి పోయేదాకా నేను ఊపిరి పీల్చను.